చింతమాను పంగలోకి త్రో లైన్ ఎట్ల వేసేది?

చంద్రగిరి తోపు:
అన్నలకు నమస్తే. 60 అడుగుల చింతమాను, నేను ఎంచుకున్న పంగ 45 అడుగుల కాడ ఉండాది. హార్నెస్, హెల్మెట్, 12 మి.మీ. ఎక్కేతాడు ఉండాయి, తాడు మీద ఎక్కేదీ దిగేదీ వస్తాది. రానిదల్లా ఆ ఎక్కేతాడును పంగ మీదికి లాక్కునే సన్నదారం (త్రో లైన్) కింద నుంచి పైకి విసిరేది. ఇప్పుడు వాడేది 3 మి.మీ. నైలాన్ తాడు, కొసన పెద్ద నట్టు. 25 అడుగులు దాటలా. దాటినా నట్టు కొమ్మకు చుట్టుకొని ఆడనే ఉండిపోతాది. తప్పు చేతిలోనా, సామానులోనా?

మోకుముడి:
రెండింట్లోనూ ఉంది తమ్ముడూ, సామానుదే ఎక్కువ పాలు.

ముందు ఆ నట్టు తీసి పక్కన పెట్టు. దానికి అంచులున్నాయి, పంగలో దూరిందంటే చీల దిగ్గొట్టినట్టు బిగుసుకుంటుంది. బెరడుకు తగిలితే ఎటు ఎగురుతుందో చెప్పలేం. కావాల్సింది సన్నగా పొడుగ్గా ఉండే గుడ్డసంచి, లోపల సీసపు గుళ్ళు. బరువు 280 నుంచి 400 గ్రాముల మధ్య. తేలికది సులువుగా పైకి పోతుంది గానీ దిగి రాదు, బెరడు మీద దారం ఒరిపిడిని దాని బరువు గెలవలేదు. బరువైనది చక్కగా దిగుతుంది, పైకి పంపేటప్పుడే భుజం పట్టేస్తుంది. చింతబెరడు గరుకు, రెమ్మలు దట్టం, కాబట్టి 340తో మొదలుపెట్టు. నీలగిరి లాంటి నున్నటి మానుకైతే 280 చాలు.

కొనకుండా కుట్టుకోవాలంటే మందపాటి క్యాన్వాస్ గానీ జీన్స్ గుడ్డ గానీ తీసుకో. చేపల వలలకు కట్టే సీసపు గుళ్ళు నింపి రెండు వరసల కుట్టు వెయ్యి, పైన ఒక చిన్న ఇనప రింగు. ఇసుక వద్దు. అదే బరువుకు సంచి నాలుగింతలు లావై ప్రతి సందులోనూ ఇరుక్కుంటుంది. సీసం ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా అన్నం తినొద్దు.

ఇంక దారం. 3 మి.మీ. నైలాన్ మీటరుకు దాదాపు 6 గ్రాములు తూగుతుంది. 45 అడుగులు పోయేసరికి సంచి తన వెనక 80 గ్రాముల తాడును ఈడ్చుకుపోతోందన్నమాట. పైగా అది సాగుతుంది, మెలి తిరుగుతుంది. 1.75 నుంచి 2.2 మి.మీ. మధ్య నున్నటి డైనీమా రకం (సాగని, గట్టి ప్లాస్టిక్ నార) దారం తీసుకో. అదే ఎత్తుకు 30 గ్రాములు మించదు, ఆకుల్లోంచి జారుతుంది. పొడవు 50 మీటర్లు. పైకి 45 అడుగులు, కిందికి 45 అడుగులు, అంటేనే 27 మీటర్లు దాటుతుంది, మిగతాది బకెట్‌లో, చేతిలో ఉండాలి. దారం చాలకపోతే సంచి నేలకు రాకముందే అయిపోతుంది. గాలం తీగ వద్దు, చేతులు కోస్తుంది, సాగి వెనక్కి కొడుతుంది.

చంద్రగిరి తోపు:
సరేన్నా. విసిరేటప్పుడు దారం కాళ్ళ కాడ చిక్కు పడతాంది, దానికేమి చేసేది? రింగుకు ఏ ముడి?

మోకుముడి:
ముడి సింపుల్‌గా ఉండాల. రింగులోంచి దారం రెండు చుట్లు తిప్పి, దారం మీదే రెండు అరముళ్ళు వేసి గట్టిగా లాగు. తోక 3 సెంటీమీటర్లకు మించొద్దు, పొడుగు తోక రెమ్మల సందులో తగులుకుంటుంది. డైనీమా నున్నగా ఉండేసరికి ముడి జారే అలవాటుంది, అందుకే ప్రతి పది విసుర్లకోసారి లాగి చూసుకో.

చిక్కు సంగతికొస్తే, మోచేతికి చుట్టే అలవాటు మానెయ్యి. ఒక్కో చుట్టుకూ ఒక్కో మెలి చేరి, విసిరినప్పుడు అన్నీ ఒకేసారి లేస్తాయి. 20 లీటర్ల ఖాళీ పెయింటు బకెట్ తీసుకొని కొసను పిడికి కట్టు, మిగతాది చేతి మీద చేయి వేస్తూ అడ్డదిడ్డంగా లోపలికి జారవిడువు, సర్దొద్దు. ఎట్ల పడిందో అట్లే పైకి లేస్తుంది. నేల మీద పరిస్తే పల్లేరుకాయలు, చింతపుల్లలు అన్నీ ఏరుకొని వస్తుంది. కొసను కాలికి మాత్రం కట్టుకోవద్దు.

పాకాల మామిడి:
విసిరే వాటం నేను చెప్తా. చాలామంది రాయి విసిరినట్టు భుజం మీద నుంచి విసురుతారు, అక్కడే పోతుంది. ఇది ఊయల ఊపు.

రింగులోంచి దారాన్ని జానెడు మడతగా బయటికి లాగు. ఆ మడత ఒక చేతిలో, బకెట్ వైపు పోయే దారం ఇంకో చేతిలో. సంచి రెంటి మధ్య ఉయ్యాలలాగా మోకాళ్ళ కింద వేలాడుతుంది. పంగకు సూటిగా, దాని కింది నుంచి ఎనిమిది పది అడుగులు వెనక్కి నిలబడు. కాళ్ళు ఎడంగా పెట్టి కాళ్ళ మధ్యలోంచి రెండు మూడు సార్లు ఊపు, ప్రతిసారీ కొంచెం పెంచు. ఆఖరి ఊపులో నడుము, మోకాళ్ళు కలిసి లేవాలి, చేతులు కళ్ళ ఎత్తుకు వచ్చినప్పుడు రెండు చేతులూ ఒకేసారి తెరుచుకోవాలి. చూపు పంగ మీదే.

తొందరగా వదిలితే సంచి ముందుకు, బల్లపరుపుగా పోతుంది. ఆలస్యమైతే నెత్తి మీదికి లేస్తుంది. ఎడమకో కుడికో పోతోందంటే ఒక చెయ్యి ముందు తెరుచుకుంటోంది. బలం సంగతి ఆఖర్న. ముందు 15 అడుగుల కొమ్మ మీద పదికి ఏడు పడేదాకా ఆగు, తర్వాత 25, తర్వాత 40. ఒక పూటకు ముప్పై విసుర్లు చాలు, ఆ తర్వాత అలిసిన చేయి తప్పుడు అలవాటు నేర్చుకుంటుంది. పొద్దున్నే గాలి లేని వేళ మంచిది.

హెల్మెట్ ఎక్కేటప్పుడు మాత్రమే కాదు, విసిరేటప్పటి నుంచే పెట్టుకోవాలి. 45 అడుగుల నుంచి పడే సంచి నేలకు చేరేసరికి గంటకు దాదాపు 60 కి.మీ. వేగంలో ఉంటుంది. పక్కన చింతకాయలు ఏరుకునే వాళ్ళుంటే వాళ్ళు లేచి దూరం పోయేదాకా విసరొద్దు.

పుత్తూరు లైన్‌మన్:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దండి. మాను పక్కన కరెంటు తీగ ఉందా లేదా ఎవరూ అడగలేదు. గురి తప్పిన సంచి మాను దాటి చాలా దూరం పోతుంది, వెనకే దారం. తడిసిన దారం, మట్టి పట్టిన దారం కరెంటును మోస్తాయి. 11 కె.వి. తీగకు ఆనాల్సిన పని కూడా లేదు, దగ్గరికి పోయినా చాలు. మాను చుట్టూ మీ దారం పొడవంత దూరంలో తీగ కనిపిస్తే విసరొద్దు, 1912కు ఫోన్ చేసి సప్లై ఆపించుకోండి. పొరపాటున తీగ మీద పడితే దారం వదిలేసి దూరం పోండి, లాగి తీసుకుందామనుకోవద్దు.

చంద్రగిరి తోపు:
తీగలు లేవు సార్, తోపు మధ్యలో ఉండాది. ఇంకో సందేహం. పడినా సరిగ్గా పంగలో పడదు కదా, ముందుండే రెండు మూడు కొమ్మల మీదుగా పోతాది. మళ్ళీ వెనక్కి లాగి విసరాల్నా?

మోకుముడి:
లాగెయ్యొద్దు. విసురు సగం పని, దారాన్ని పైన నడిపించడం మిగతా సగం. నిజానికి పెద్ద సగం అదే.

దారం కావాల్సిన పంగ మీదుగా పోయి, బయట ఇంకో కొమ్మ మీద కూడా వేలాడుతోందనుకో. సంచిని మెల్లగా పైకి లాగు, ఆ బయటి కొమ్మకు అడుగు కింద ఆపు. అక్కడ చిన్నగా ఊపి, ఊపు లోపలికి వచ్చినప్పుడు చురుగ్గా లాగితే సంచి కొమ్మ మీదుగా ఎగిరి మాను వైపుకు దూకుతుంది. వెంటనే దారం వదులు చెయ్యి, నేరుగా దిగుతుంది. నీ వైపు దారం కూడా అడ్డకొమ్మల మీద ఉంటే, బకెట్ కొసకు ఇంకో సంచి కట్టి అటు నుంచీ ఇదే పని చెయ్యి. అందుకే రెండు సంచులు పెట్టుకోవాలి. చింతలో ఒక్కో పంగకు పావుగంట పట్టినా విసుక్కోవద్దు.

సంచి ఇరుక్కుంటే గట్టిగా గుంజడమే అందరూ చేసే తప్పు. గుంజిన కొద్దీ లోపలికి దిగుతుంది. దారం వదులు చేసి, అలలాగా కొట్టు, సంచి తన బరువుకే వెనక్కి జారనీ. కదలకపోతే మాను అవతలి వైపుకు నడిచిపోయి అక్కణ్ణుంచి లాగు, వచ్చిన దారినే బయటికి వస్తుంది. ఆఖరికి బలంగా లాగక తప్పకపోతే దారాన్ని కర్రకు చుట్టి లాగు, చేతికి కాదు, వేళ్ళు తెగుతాయి. నిలబడేది పక్కకు. ఊడిన సంచి లాగిన వైపుకే వస్తుంది.

పాకాల మామిడి:
పంగ ఎంపిక సంగతి కూడా. కొమ్మ పచ్చిగా ఉండాలి, పంగ కాడ కనీసం 10 సెం.మీ. లావు, బోదెకు దగ్గర్లో. పంగ ఇరుకుగా ఉంటే ఎక్కేతాడు కోసుకొని బిగుస్తుంది, కాస్త వెడల్పుది చూడండి. చింతకు ఈ లెక్క సరిపోతుంది. మామిడికి ఇంకా లావు కావాలి, పైగా కాండం తొలిచే పురుగు పడిందేమో చూడాలి. రంధ్రాలు, కింద రంపపు పొట్టు కనిపిస్తే ఆ కొమ్మ వద్దు. నేరేడు పెళుసు. మునగ మీద అయితే ఆలోచనే వద్దు.

మానుకు తాడు మొదలు దగ్గర కట్టి రెండో పాయ మీద ఎక్కితే పంగ మీద పడేది మీ బరువుకు దాదాపు రెట్టింపు. సామానుతో 75 కిలోలుంటే పైన 150 కిలోల దాకా. అందుకే ఎక్కేముందు ఇద్దరు మనుషులు ఆ పాయను పట్టుకొని కాళ్ళు లేపి వేలాడి, రెండు మూడు సార్లు కుదపాలి. చిటపటమని చప్పుడొస్తే వేరే పంగ.

విసిరే ముందు బైనాక్యులర్‌తో ఒకసారి పైన చూడండి. పెద్ద తేనెపట్టు ఉంటే ఆ మాను ఆ పూటకు కాదు. మామిడిలో ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలుంటే దారం వెంబడే దిగొస్తాయి, అది వేరే భాగోతం.

పలమనేరు కుర్రాడు:
పెద్ద క్యాటర్‌బాల్ అమ్ముతున్నారు కదన్నా, 8 అడుగుల గడకు పెట్టేది? అదుంటే ఈ తిప్పలన్నీ ఎందుకు? కొబ్బరికీ పనికొస్తాదా?

మోకుముడి:
60 అడుగులు దాటితే అదే కావాలి, 100 దాకా కొడుతుంది. 45కు అనవసరం, ఎక్కువ వేగంతో పోయి పంగ దాటేస్తుంది. పడిన తర్వాత దారం నడిపించే పని దాంతోనూ తప్పదు. కొబ్బరికి వద్దు, మట్టల మీద మనిషి బరువు పెట్టకూడదు.

చంద్రగిరి తోపు:
ఇంగ ఆఖరి ప్రశ్న. దారం పడినాక 12 మి.మీ. తాడు కట్టి లాగితే పంగ కాడ ఆగిపోతాంది.

మోకుముడి:
తాడు కొసన పెద్ద ముడి వేసుంటావు, అదే తట్టుకుంటోంది. ముడి వద్దు. సంచి విప్పేసి, దారాన్ని తాడు కొసకు అర మీటరు వెనక కట్టు, అక్కణ్ణుంచి కొస దాకా పది సెంటీమీటర్లకొక అరముడి వేసుకుంటూ రా. ఆఖరిది సరిగ్గా కొస మీద పడాలి, దాని మీద ఎలక్ట్రికల్ టేపు మూడు చుట్లు. ఎలక తోకలాగా సన్నబడి పంగలోంచి జారుతుంది. కొసన మడిచి కుట్టిన కన్ను ఉంటే ఆ కొసను కాకుండా ఉత్త కొసనే పంపు. ఒకరు లాగుతుంటే ఇంకొకరు రెండో వైపు నుంచి తాడును అందించాలి.

దించేటప్పుడు కూడా ఒక్క ముడి లేకుండా చూసుకొని లాగు. రేపు మళ్ళీ అదే పంగ కావాలంటే తాడు వెనక దారం కట్టి లాగితే దారం పైనే ఉండిపోతుంది. రెండు కొసలూ మొదలుకు కట్టెయ్యి, అదీ ఒక రాత్రికే. మీ వైపు కోతులకు దొరికిందంటే పొద్దున్నే మళ్ళీ బకెట్ దగ్గర్నుంచి మొదలు.