‘ప్రభావిత జ్ఞానదంతం’ అనవచ్చునా?

ప్రశ్న: హనుమకొండలో మా అబ్బాయికి పన్ను నొప్పి వస్తే ఎక్స్‌రే తీసి, చీటీలో ‘ఇంపాక్టెడ్ విజ్‌డమ్ టూత్’ అని వ్రాశారు. ఫోనులో తెలుగు అడిగితే ‘ప్రభావిత జ్ఞానదంతం’ అని వచ్చింది. ఏ ప్రభావమో, దేని మీదనో తెలియలేదు. సరైన తెలుగు మాట ఏది?

జవాబు: ఆ అనువాదం తప్పు. ‘ఇంపాక్ట్’ అనగానే ఇవాళ ప్రభావమే తోస్తుంది గానీ, దాని లాటిన్ మూలంలో లోపలికి నెట్టబడి బిగుసుకుపోవడమనే భావం ఉంది, దంతవైద్యులు పట్టుకొన్నది దానినే. పైకి రావడానికి దవడలో చోటు చాలక, ముందరి పన్నో, ఎముకో, చిగురో అడ్డుపడి, పూర్తిగానో సగమో లోపలే ఆగిపోయిన, వరుసలో అన్నిటికన్నా వెనకటి నమిలే పన్ను అది. కనుక ‘ఇరుక్కుపోయిన జ్ఞానదంతం’ అంటే చాలు. సంస్కృత సమాసం కట్టవలసిన పని లేదు. పైగా ‘ప్రభావిత’ అన్నది చదివినవారు పిప్పి పన్ను అనుకొనే ప్రమాదం ఉంది. పిప్పి పన్ను పుచ్చినది, ఇదేమో పుచ్చకుండానే బాధపెట్టగలది.

‘జ్ఞానదంతం’ కూడా మన పల్లెల్లో పుట్టిన మాట కాదు. లాటిన్‌లోనూ ఇదే భావంతో పేరుంది. వరంగల్‌లో ఉర్దూ తెలిసిన పెద్దలు ‘అకల్ దాఢ్’ అంటారు, అదీ తెలివి పన్నే. సాధారణంగా 17 నుంచి 25 ఏళ్ల మధ్య, అంటే బుద్ధి వచ్చే వయసని పెద్దలు నమ్మే కాలంలో మొలుస్తుంది కనుక ఆ పేరు. మన ఊళ్లలో మాత్రం వెనకటి నమిలే పండ్లన్నీ ‘దౌడ పండ్లే’. (‘పన్ను’కు ‘పండ్లు’ అన్న పాత బహువచనం మన వైపు ‘కండ్లు’తో పాటు నిలిచి ఉండడం నాకు ఎప్పుడూ ముచ్చటే.)

ఇక్కడ ‘చిగురు’ అన్న మాటను గమనించాలి. పన్ను సగమే బయటికి వచ్చినపుడు మిగిలిన సగం మీద చిగురు మూతలాగా నిలుస్తుంది. ఆ మూత కింద మెతుకులు చేరి, బ్రష్ అందక, సూక్ష్మజీవులు పెరిగి వాపు వస్తుంది. గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలిస్తే ఉపశమనం కలుగుతుంది గానీ, మూత అక్కడే ఉంటుంది కనుక వాపు మళ్లీ మళ్లీ తిరగబెట్టవచ్చు. అలా తిరగబెడుతున్నా, నోటి దుర్వాసన గానీ చీము గానీ కనిపిస్తున్నా, మందుల దుకాణంలో మాత్రలు కొనుక్కొని కాలం గడపకుండా దంతవైద్యుని చూడాలి.

ప్రశ్న: అయితే అడ్డంగా ఉన్న ప్రతి పన్నునూ తీయించాలా?

జవాబు: అవసరం లేదు. ఏ జబ్బూ కలిగించని పన్నును ముందుజాగ్రత్త పేరిట తీయరాదని బ్రిటన్‌లో వైద్యులకు మార్గదర్శకాలిచ్చే నైస్ (NICE) సంస్థ 2000లో సూచించింది. ముందరి పన్ను పుచ్చుతున్నా, చుట్టూ నీటితిత్తి ఏర్పడినా, వాపు పదేపదే వస్తున్నా మాటే వేరు. దవడ మొత్తం కనిపించే ఎక్స్‌రేలో పన్ను వాలు, వేళ్లు, కింది దవడ నరానికి అవి ఎంత దగ్గరగా ఉన్నదీ చూసి నిర్ణయిస్తారు. ఆ నరం దెబ్బతింటే కింది పెదవి తిమ్మిరెక్కుతుంది, అందుకే తొందరపడరు.

ఒక మాట మాత్రం వైద్యునికి స్పష్టంగా చెప్పండి. ‘దౌడ పట్టుకుంది’ అన్న మన మాట నొప్పికీ సరిపోతుంది, నోరు తెరవలేకపోవడానికీ సరిపోతుంది. రెండోది అయితే ‘నోరు ఇన్ని వేళ్ల మేర కూడా తెరుచుకుంటలేదు’ అనండి. దానికి జ్వరం, మింగలేకపోవడం, చెంప లేదా మెడ వాపు, ఊపిరి ఇబ్బంది తోడైతే మరునాటి దాకా ఆగక, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.