కరెంటు పోగానే డాస్‌బాక్స్ ఆటల్లో శబ్దం ముక్కలవుతోంది

మాది అమలాపురం దగ్గర. ల్యాప్‌టాప్‌లో విండోస్ 10, డాస్‌బాక్స్ 0.74-3 (పాత డాస్ ఆటల్ని ఇప్పటి కంప్యూటర్‌లో ఆడించే ప్రోగ్రాం) ఉన్నాయి. చార్జర్ పెట్టినంతసేపు పాత డాస్ ఆటల్లో సంగీతం, తుపాకి మోతలు, మాటలు అన్నీ శుభ్రంగా వినిపిస్తాయి. కరెంటు పోయి బ్యాటరీ మీదకి రాగానే, ఐదారు సెకన్లలో శబ్దం తెగిపోతూ గరగరలాడుతుంది. కరెంటొస్తే దానంతటదే సర్దుకుంటుంది. ఇంట్లో ఇన్వర్టరు లైన్ లైట్లకీ ఫ్యాన్లకే ఉంది, ప్లగ్గుకి లేదు.

డాస్‌బాక్స్‌లో సౌండ్ కార్డు సెట్టింగులు ఇవి: సౌండ్ బ్లాస్టర్ 16, అడ్రస్ 220, ఐఆర్‌క్యూ 7, డీఎంఏ 1, హై డీఎంఏ 5. ఆట సెటప్‌లోనూ ఇవే ఇచ్చాను కాబట్టి కార్డు దొరకని సమస్య కాదిది. మిక్సర్ రేటు 44100, బ్లాక్‌సైజ్ (ఒక్కో శబ్దపు ముక్క పరిమాణం) 1024, ప్రీబఫర్ (ముందే నిల్వ ఉంచుకునే శబ్దం) 25.

బ్లాక్‌సైజ్ 2048, ప్రీబఫర్ 80 చేస్తే గరగర కాస్త తగ్గింది గానీ తుపాకి పేలాక మోత ఆలస్యంగా వస్తోంది, అలా ఆడలేం. కోర్ (ఆట సూచనల్ని నడిపే పద్ధతి) డైనమిక్ పెట్టి, సైకిల్స్‌ని (ఆటకి ఇచ్చే వేగాన్ని) ఆటో తీసేసి 25000 దగ్గర బిగించాను, తేడా లేదు. కంట్రోల్, ఎఫ్11 కలిపి నొక్కుతూ సైకిల్స్ 8000కి దించితే శబ్దం బాగవుతుంది, ఆట మాత్రం నత్తనడక.

టాస్క్ మేనేజర్‌లో చూస్తే చార్జర్ మీద ప్రాసెసర్ 2.6 గిగాహెర్ట్జ్, బ్యాటరీ మీద 0.8 దగ్గరే ఆగిపోతోంది. అసలు తెగులు ఇక్కడే ఉందని నా నమ్మకం. పవర్ ప్లాన్‌లో బ్యాటరీకి కూడా ప్రాసెసర్ కనిష్ఠ స్థాయి 100 శాతం పెట్టినా అది కదల్లేదు.

పవర్ ప్లాన్‌కి లొంగని ఈ 0.8 హద్దు తీయాలంటే బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) ఏ సెట్టింగు మార్చాలి?