అప్‌డేట్: బ్రిడ్జ్‌పై బ్యాండ్‌విడ్త్ పరిమితి ఇప్పుడు పనిచేస్తోంది

రౌటర్‌కీ స్విచ్‌కీ మధ్య లైనక్స్ బ్రిడ్జ్ (రెండు పోర్ట్‌లను కలిపి ట్రాఫిక్‌ని అటూ ఇటూ దాటించే మెషీన్) పెట్టి, సర్వర్లకూ యూజర్లకూ వేరువేరుగా స్పీడ్ పరిమితి ఎలా పెట్టాలని అడిగాను కదా. సమస్య తీరింది. సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు.

అసలు తప్పు, రూల్స్ అన్నీ బీఆర్0 (మొత్తం బ్రిడ్జ్‌కి ఉండే ఇంటర్‌ఫేస్) మీద రాయడం. బ్రిడ్జ్ గుండా దాటిపోయే ట్రాఫిక్‌కి దాని మీది క్యూ (ప్యాకెట్లు వరసలో ఆగే చోటు) తగలదు, ఆ మెషీన్ సొంతంగా పంపేదానికే తగులుతుంది. షేపింగ్ (స్పీడ్‌ని అదుపు చేయడం) జరిగేది ప్యాకెట్ బయటికి వెళ్లే పోర్ట్ దగ్గర. అందుకే డౌన్‌లోడ్ పరిమితిని స్విచ్ వైపు పోర్ట్‌కి, అప్‌లోడ్‌ది రౌటర్ వైపు పోర్ట్‌కి మార్చాను.

లైన్ 100 మెగాబిట్లు. హెచ్‌టీబీలో (బ్యాండ్‌విడ్త్‌ని క్లాసులుగా పంచే లైనక్స్ పద్ధతి) అన్నిటికీ పైనుండే పేరెంట్ క్లాస్‌కి 95 ఇచ్చాను, క్యూ మోడెమ్‌లో కాకుండా మన దగ్గరే ఏర్పడాలని. సర్వర్లకు రేట్ (హామీగా దక్కే వేగం) 60, యూజర్లకు 30, మిగతావాటికి 5. సీల్ (దాటకూడని గరిష్ఠ వేగం) అందరికీ 95 కాబట్టి ఒకరు వాడనిది ఇంకొకరు తీసుకోవచ్చు. ప్రతి క్లాస్ కింద ఎఫ్‌క్యూ కోడెల్ (కనెక్షన్లకు సమానంగా పంచి ఆలస్యం తగ్గించే క్యూ) పెట్టాను.

రెండు రోజులు టెన్షన్ పెట్టింది మాత్రం యూనిట్. టీసీలో (ఈ రూల్స్ రాసే లైనక్స్ కమాండ్) ‘ఎంబీపీఎస్’ అంటే మెగాబైట్లు! ‘ఎంబిట్’ అనే రాయాలి. నా పరిమితి 8 రెట్లు ఎక్కువై, అసలు లేనట్టే అయింది.

డిఫాల్ట్ క్లాస్ (పైన ‘మిగతావాటికి’ అన్నది) మర్చిపోకండి. ఏఆర్‌పీ ప్యాకెట్లు (ఐపీ అడ్రస్ ఏ మెషీన్‌దో కనుక్కునేవి) ఐపీ ఫిల్టర్లకు దొరకవు, అక్కడికే వస్తాయి. దానికి మరీ తక్కువ ఇస్తే కనెక్షన్లు తెగుతున్నట్టు కనిపిస్తుంది.

వీల్యాన్ (ఒకే స్విచ్ మీద విడదీసిన వేరు నెట్‌వర్క్) ట్యాగ్ ఉన్న ఫ్రేములకు ఫిల్టర్లు ఇంకా రాయాలి.