డీఎల్ఎల్‌లోని ఫారం మూసిన తరువాత హోస్ట్ ప్రోగ్రాం క్రాష్ అవుతోంది: కారణం ఎక్కడ వెతకాలి?

ప్రశ్న

నమస్కారం. డెల్ఫీ భాషలో నేను రాసిన ఒక డీఎల్ఎల్‌ను, సీ ప్లస్ ప్లస్‌లో తయారైన ఒక హోస్ట్ ప్రోగ్రాం ప్లగిన్‌గా వాడుకుంటోంది. హోస్ట్ సోర్సు కోడ్ నాకు అందుబాటులో లేదు. అది లోడ్‌లైబ్రరీతో నా ఫైలును లోడ్ చేసి, నేను ఎగుమతి చేసిన ఫంక్షన్లను పిలిచి, వినియోగదారుడు ప్లగిన్‌ను తొలగించినప్పుడు ఫ్రీలైబ్రరీని పిలుస్తుందని మాత్రం దానితో వచ్చిన పత్రాల్లో ఉంది. ఎగుమతి చేసిన ఫంక్షన్లలో ముఖ్యమైనవి ప్రారంభం, సెట్టింగుల ఫారం చూపడం, ముగింపు. ప్రస్తుతం ముగింపు ఫంక్షన్‌లో ఏమీ రాయలేదు. శుభ్రం చేసే పని అంతా, డీఎల్ఎల్ మెమరీ నుంచి పోయేటప్పుడు నడిచే యూనిట్ ఫైనలైజేషన్ భాగంలో ఉంది.

ఫారంలో కొన్ని ఎడిట్ పెట్టెలు, ఒక జాబితా, హింట్లు (మౌస్ నిలిపితే కనిపించే చిన్న వివరణలు) ఉన్న బటన్లు ఉన్నాయి. ఫారం తెరిచినప్పుడు ఒక థ్రెడ్ (మిగతా కోడ్‌తో సమాంతరంగా నడిచే పని) మొదలై, బయటి పరికరం స్థితిని చదువుతూ ఫారంకు పంపుతూ ఉంటుంది. ఫారం మూసినప్పుడు ఆ థ్రెడ్‌కు ఆగిపొమ్మని సంకేతం ఇస్తాను. తనంతట తాను విడుదలయ్యేలా దాన్ని అమర్చాను.

ఫారం మూసి కొంతసేపు ఆగి ప్లగిన్‌ను తొలగిస్తే ఏ ఇబ్బందీ లేదు. మూసిన వెంటనే తొలగిస్తే మాత్రం చాలాసార్లు హోస్ట్ మొత్తం క్రాష్ అవుతుంది. హోస్ట్‌నే నేరుగా మూసేస్తే ఎప్పుడూ క్రాష్ కాదు. డీబగ్గర్‌లో ఒక్కో అడుగు నడిపిస్తే సమస్య కనిపించదు. ఈవెంట్ వ్యూయర్‌లో సీ0000005 (చేరకూడని మెమరీ చిరునామాను తాకినప్పటి తప్పు) అనే కోడ్, తప్పు జరిగిన మాడ్యూల్ స్థానంలో నా డీఎల్ఎల్ పేరు, ఆ పేరు చివర 'అన్‌లోడెడ్' అనే మాట కనిపిస్తున్నాయి. ఎగుమతి ఫంక్షన్లన్నింటినీ ట్రై, ఎక్సెప్ట్ మధ్య పెట్టినా మార్పు లేదు. థ్రెడ్‌ను తనంతట విడుదల కాకుండా మార్చి, అది ముగిసేవరకు ఫైనలైజేషన్‌లో ఆగేలా రాస్తే, క్రాష్ పోయి దాని బదులు హోస్ట్ శాశ్వతంగా స్తంభించిపోతోంది.

పరికరం పేరును హోస్ట్‌కు స్ట్రింగ్‌గా తిరిగి ఇచ్చే ఫంక్షన్ కూడా ఒకటి ఉంది. మెమరీని కేటాయించి విడుదల చేసే మెమరీ మేనేజర్లు రెండువైపులా వేరు కావడం వల్ల ఇదంతా జరుగుతోందా? రెండింటికీ ఒకే మేనేజర్ ఉండేలా చేసే షేర్‌మెమ్ యూనిట్ చేర్చితే సరిపోతుందా?

మొదటి జవాబు

మీరు ఇచ్చిన వివరాల్లో అన్నింటికన్నా విలువైనది ఆ 'అన్‌లోడెడ్' అనే మాట. మెమరీ నుంచి తొలగించిన మాడ్యూళ్ల పేర్లను, అవి ఉండిన చిరునామాలను విండోస్ కొంతవరకు గుర్తుపెట్టుకుంటుంది. ప్రాసెసర్ ఒక చిరునామాలోని కోడ్‌ను నడపబోయి అక్కడ ఏమీ లేదని గుర్తించినప్పుడు, విండోస్ ఆ చోట ఇంతకుముందు ఏ మాడ్యూల్ ఉండేదో చూసి, దాని పేరుకు ఈ మాటను తగిలించి నమోదు చేస్తుంది. అంటే మీ కోడ్‌లోని ఏదో వరుస తప్పు పని చేయడం కాదు, మీ కోడ్ పూర్తిగా వెళ్లిపోయిన తరువాత ఎవరో దానిలోకి అడుగు పెట్టారు. ఆ చిరునామాకు సోర్సులో ఏ వరుస సరిపోతుందో కనిపెట్టినా, ఆ వరుసలో తప్పు దొరకదు.

మీ విషయంలో అలా అడుగు పెట్టగలవారు ఎవరని చూస్తే, పరికరాన్ని చదివే థ్రెడ్ మీదికే మొదట అనుమానం వెళ్తుంది. ఆగిపొమ్మన్న సంకేతం ఇవ్వడం వేరు, అది ఆగిపోవడం వేరు. సంకేతం వచ్చే సమయానికి ఆ థ్రెడ్ పరికరం నుంచి జవాబు కోసం ఎదురుచూస్తూనో, స్లీప్‌లోనో ఉంటుంది. ఈలోగా హోస్ట్ ఫ్రీలైబ్రరీని పిలుస్తుంది, డీఎల్ఎల్ ఉన్న పేజీలు మాయమవుతాయి, స్లీప్ నుంచి బయటికి వచ్చిన థ్రెడ్ తిరిగి వెళ్లవలసిన చోట ఏమీ ఉండదు. కొంతసేపు ఆగితే క్రాష్ కాకపోవడానికీ, డీబగ్గర్‌లో కనిపించకపోవడానికీ కారణం ఇదే: ఆ వ్యవధిలో థ్రెడ్ తన పని ముగించుకుంటోంది. హోస్ట్‌ను నేరుగా మూసినప్పుడు ప్రాసెస్ ముగింపులో విండోస్ ముందుగా మిగతా థ్రెడ్లన్నింటినీ ఆపేసి, ఆ తరువాతే డీఎల్ఎల్‌లకు కబురు పంపుతుంది. కనుక అడుగు పెట్టడానికి ఎవరూ మిగలరు.

ట్రై, ఎక్సెప్ట్ ఎందుకు పనికిరాలేదో కూడా దీనితోనే తెలుస్తుంది. మీరు కాపలా పెట్టింది హోస్ట్ పిలిచే ఫంక్షన్లకు, తప్పు జరుగుతున్నది వేరే థ్రెడ్‌లో. పైగా ఎక్సెప్ట్ భాగంలోని కోడ్ కూడా ఆ డీఎల్ఎల్‌తోపాటే వెళ్లిపోయింది.

రెండవ జవాబు

పై జవాబుతో ఏకీభవిస్తూ, స్తంభించిపోవడం గురించి చెబుతాను, ఎందుకంటే మీరు చేసిన మార్పు సరైన ఆలోచనే, పెట్టిన చోటే సరైనది కాదు. డెల్ఫీ డీఎల్ఎల్‌లో యూనిట్ల ఇనిషియలైజేషన్, ఫైనలైజేషన్ భాగాలు, ప్రధాన ఫైలులోని బిగిన్ తరువాతి వరుసలు, ఇవన్నీ విండోస్ డీఎల్ఎల్‌ను చేర్చేటప్పుడు, తీసేటప్పుడు పిలిచే డీఎల్ఎల్‌మెయిన్ లోపలే నడుస్తాయి. ఆ సమయంలో విండోస్, డీఎల్ఎల్‌లను చేర్చే, తీసే పని ఒక్కసారికి ఒక్క థ్రెడ్డే చేసేలా చూసే లోడర్ లాక్‌ను పట్టుకుని ఉంటుంది. ఒక థ్రెడ్ ముగియాలంటే, ఆ విషయం మాడ్యూళ్లన్నింటికీ తెలియజేయడానికి అదే లాక్ దానికీ కావాలి. ఫైనలైజేషన్‌లో ఉన్నవారు థ్రెడ్ ముగియాలని ఆగుతారు, థ్రెడ్ లాక్ దొరకాలని ఆగుతుంది. ఇది ఎప్పటికీ తెగదు.

కాబట్టి థ్రెడ్ కోసం ఆగే పని మీరు ఖాళీగా వదిలేసిన ముగింపు ఫంక్షన్‌లో జరగాలి. దాన్ని హోస్ట్ మామూలుగా పిలుస్తుంది, అప్పుడు లోడర్ లాక్ ఎవరి చేతిలోనూ ఉండదు. ముందుగా సంకేతం ఇచ్చి, థ్రెడ్ హ్యాండిల్ మీద ఆగి, అది ముగిశాక ఫారంను విడుదల చేయండి. ఈ పద్ధతికి థ్రెడ్ తనంతట తాను విడుదలయ్యే అమరిక పనికిరాదు; అలా ఉంటే మీరు ఆగుతున్న వస్తువే మీ కింద నుంచి మాయం కావచ్చు. ఆగే సమయం తక్కువగా ఉండాలంటే థ్రెడ్ లోపల స్లీప్ బదులు ఒక ఈవెంట్ మీద గడువుతో ఎదురుచూడటం మంచిది, సంకేతం రాగానే మేల్కొంటుంది. పరికరం నుంచి చదవడం మధ్యలో చిక్కుకునే అవకాశం ఉంటే, విస్టా నుంచి అందుబాటులో ఉన్న క్యాన్సిల్‌ఐఓఈఎక్స్‌తో దాన్ని రద్దు చేయవచ్చు.

ఫారంను సృష్టించడం కూడా ఇనిషియలైజేషన్‌లో పెట్టవద్దు. ఇంకొక జాగ్రత్త: థ్రెడ్ నుంచి ఫారంకు కబురు పంపడానికి సింక్రొనైజ్ (ఒక పనిని ప్రధాన థ్రెడ్ చేత చేయించి, అది అయ్యేవరకు ఆగే పద్ధతి) వాడుతుంటే మానేయండి. డీఎల్ఎల్‌లోని అప్లికేషన్ వస్తువు హోస్ట్‌ది కాదు, దానికి సొంత విండో హ్యాండిల్ కూడా ఉండదు. హోస్ట్ మెసేజ్ లూప్‌కు సింక్రొనైజ్ వరుస గురించి ఏమీ తెలియదు, అందువల్ల ఆ పిలుపు ఎవరూ తీయని తలుపు ముందు నిలబడిపోతుంది. ఫారం విండోకు పోస్ట్‌మెసేజ్‌తో సందేశం పంపితే ఆ ఇబ్బంది ఉండదు.

మూడవ జవాబు

మెమరీ గురించిన ప్రశ్న మిగిలిపోయింది. షేర్‌మెమ్ ఇక్కడ పనికిరాదు. అది డీఎల్ఎల్, దాన్ని వాడే ప్రోగ్రాం రెండూ డెల్ఫీ కుటుంబానికి చెందినప్పుడు, రెండింటిలోనూ మొదటి యూనిట్‌గా ఉన్నప్పుడు పనిచేసే ఏర్పాటు. మీ హోస్ట్ అలాంటిది కాదు. స్ట్రింగ్ అనే డెల్ఫీ రకాన్ని ఎగుమతి ఫంక్షన్ ఫలితంగా ఇస్తుంటే, దాని అంతర్గత అమరిక హోస్ట్‌కు అర్థం కాదు, దాన్ని విడుదల చేసే బాధ్యత ఎవరిదో కూడా తేలదు. హోస్ట్ తానే కేటాయించిన బఫర్‌నూ, దాని పరిమాణాన్నీ మీకు ఇస్తే, మీరు అందులోకి పేరు నకలు చేసి, ఎన్ని అక్షరాలో తిరిగి చెప్పడం అన్నింటికన్నా భద్రమైన పద్ధతి. కేటాయించినవారే విడుదల చేయాలన్న నియమం ఒక్కటి పాటిస్తే ఈ తరహా తప్పులు దాదాపు రావు.

అయితే మీ ప్రస్తుత క్రాష్‌కు ఇది కారణమని నేను అనుకోను. హీప్ (ప్రోగ్రాం నడుస్తూ మెమరీని కేటాయించుకునే ప్రాంతం) దెబ్బతిన్నప్పుడు తరచుగా కనిపించే కోడ్ సీ0000374. అలాగే డెల్ఫీ, సీ ప్లస్ ప్లస్ కలిసిన చోట దశాంశ లెక్కల మినహాయింపుల అమరికలో తేడా వల్ల కూడా క్రాష్‌లు వస్తుంటాయి, కానీ అప్పుడు సున్నాతో భాగహారానికి సీ000008ఈ, చెల్లని చర్యకు సీ0000090 కనిపిస్తాయి. మీకు కనిపించింది ఇవేవీ కాదు. కోడ్ సంఖ్య చూడకుండా మెమరీ మేనేజర్ మీద నింద వేయడం మనలో చాలామందికి అలవాటు.

ప్రశ్న అడిగినవారి వివరణ

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఆగే పనిని ముగింపు ఫంక్షన్‌లోకి మార్చి, థ్రెడ్‌లో ఈవెంట్ పెట్టి, ఫారం సృష్టిని ప్రారంభం ఫంక్షన్‌లోకి తెచ్చాను. సింక్రొనైజ్ తీసేశాను. ఫారం మూసిన వెంటనే తొలగించినా ఇప్పుడు క్రాష్ కావడం లేదు. పేరు ఇచ్చే ఫంక్షన్‌ను కూడా బఫర్ పద్ధతికి మారుస్తున్నాను.

అయితే ఒక్క సందర్భంలో మాత్రం ఇంకా ఇబ్బంది ఉంది. బటన్ మీద మౌస్ నిలిపి, హింట్ కనిపిస్తుండగా కీబోర్డుతో ఫారంను మూసి, ఆ తరువాత ప్లగిన్‌ను తొలగిస్తే అప్పుడప్పుడు హోస్ట్ స్తంభిస్తోంది. నా థ్రెడ్ అప్పటికే ముగిసిందని లాగ్‌లో స్పష్టంగా ఉంది. ఇంకొక సందేహం: హోస్ట్ ఏదైనా పరిస్థితిలో ముగింపు ఫంక్షన్‌ను పిలవకుండానే ఫ్రీలైబ్రరీ చేస్తే ఏమిటి దారి?

రెండవ జవాబు రాసినవారి నుంచి

మీ థ్రెడ్ ముగిసింది సరే, మీరు సృష్టించని థ్రెడ్ మరొకటి ఉంది. అప్లికేషన్ వస్తువు తన రన్ లూప్‌ను నడపని చోట, అంటే సరిగ్గా డీఎల్ఎల్ లాంటి చోట, హింట్ చూపవలసి వచ్చినప్పుడు డెల్ఫీ విండోల లైబ్రరీ అయిన వీసీఎల్, హోస్ట్ థ్రెడ్ మీద ఒక సందేశ హుక్ (సందేశాలను దారిలో గమనించే ఏర్పాటు) వేసి, మౌస్ కదలికను గమనించడానికి ఒక చిన్న థ్రెడ్‌ను మొదలుపెడుతుంది. హింట్ రద్దయితేనే ఆ రెండూ పోతాయి. రద్దు కాకుండా ఫైనలైజేషన్ దాకా వస్తే అవి లోడర్ లాక్ కింద శుభ్రం కావలసి వస్తుంది, మళ్లీ మొదటి చిక్కే. ముగింపు ఫంక్షన్‌లో ఫారంను విడుదల చేసే ముందు అప్లికేషన్ వస్తువు మీద క్యాన్సిల్‌హింట్‌ను పిలవండి. హింట్లు అంత అవసరం కాకపోతే ఆ ఫారంలో షోహింట్‌ను తీసేయడం ఇంకా సులభం. నేనైతే ప్లగిన్ ఫారాల్లో హింట్లు పెట్టను.

ముగింపు ఫంక్షన్‌తో సహా అన్ని ఎగుమతులూ ఏ థ్రెడ్ మీద పిలవబడుతున్నాయో కూడా లాగ్‌లో నమోదు చేయండి. ఒక విండోను అది పుట్టిన థ్రెడ్ మాత్రమే డిస్ట్రాయ్‌విండోతో తొలగించగలదు. హోస్ట్ ప్రారంభాన్ని ఒక థ్రెడ్ నుంచి, ముగింపును మరొక థ్రెడ్ నుంచి పిలిస్తే ఫారం విడుదల విఫలమై, మీకు తెలియకుండా విండో మిగిలిపోతుంది.

మొదటి జవాబు రాసినవారి నుంచి

ముగింపు పిలుపు రాకపోతే ఏమిటన్న ప్రశ్నకు: గెట్‌మాడ్యూల్‌హ్యాండిల్‌ఈఎక్స్‌ను పిన్ చేసే జెండాతో పిలిస్తే, ఆ డీఎల్ఎల్ ప్రాసెస్ ముగిసేవరకు మెమరీ నుంచి పోదు, ఫ్రీలైబ్రరీ ఎన్నిసార్లు వచ్చినా సరే. థ్రెడ్ మొదలుపెట్టే ముందు ఈ పని చేస్తే 'అన్‌లోడెడ్' తరహా క్రాష్‌లు మూలంతో సహా పోతాయి.

మూడవ జవాబు రాసినవారి నుంచి

ఆ సలహాను నేను చివరి మార్గంగానే తీసుకుంటాను. పిన్ చేసిన ఫైలును హోస్ట్ నడుస్తుండగా మార్చలేము, కనుక ప్లగిన్ కొత్త వెర్షన్ వేయాలంటే ప్రతిసారీ హోస్ట్‌ను మూయాలి. పైగా తొలగించి మళ్లీ చేర్చినప్పుడు ఇనిషియలైజేషన్ మళ్లీ నడవదు, గ్లోబల్ వేరియబుళ్లలో పాత విలువలే ఉంటాయి. ప్రారంభం ఫంక్షన్ వాటిని తానే తిరిగి అమర్చుకోవాలి. థ్రెడ్ తనకోసం ఒక అదనపు రెఫరెన్స్ పట్టుకుని, చివరలో ఫ్రీలైబ్రరీఅండ్ఎగ్జిట్‌థ్రెడ్‌తో వెళ్లిపోయే పద్ధతి కూడా ఉంది, కానీ టీథ్రెడ్ తరగతిలో ముగింపు కోడ్ డీఎల్ఎల్ లోపలే ఉంటుంది కాబట్టి అది నేరుగా కుదరదు. థ్రెడ్‌ను విండోస్ ఫంక్షన్లతో రాసుకోవాలి.

హోస్ట్ ముగింపు ఫంక్షన్‌ను నిజంగా పిలవకుండా వదిలేస్తోందో లేదో ముందు తేల్చుకోండి. విండోస్ ఎర్రర్ రిపోర్టింగ్ రిజిస్ట్రీ కీ కింద లోకల్‌డంప్స్ అనే కీలో హోస్ట్ ఫైలు పేరుతో ఒక ఉపకీ చేర్చి, డంప్‌టైప్ విలువను 2గా పెడితే, తదుపరి క్రాష్‌కు పూర్తి డంప్ (ఆ క్షణంలోని మెమరీ నకలు) దొరుకుతుంది. స్తంభించిన సందర్భంలో టాస్క్ మేనేజర్ నుంచే డంప్ తీయవచ్చు. దాన్ని విన్‌డీబగ్‌లో తెరిచి ఎల్ఎం ఆదేశం ఇస్తే, జాబితా చివర తొలగించిన మాడ్యూళ్లు విడిగా కనిపిస్తాయి. అన్ని థ్రెడ్ల స్టాకులను (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే వరుసలను) చూస్తే లాక్ కోసం ఎవరు ఆగారో, ఎవరి స్టాకులో మీ డీఎల్ఎల్ చిరునామాలు ఇంకా మిగిలి ఉన్నాయో తెలుస్తుంది. డంప్‌తో సరిపోయే మ్యాప్ ఫైలును ప్రతి బిల్డ్‌తోపాటు భద్రపరచండి, లేకపోతే ఆ చిరునామాలు ఏ ఫంక్షన్లవో తేల్చడం కష్టం.

ప్రశ్న అడిగినవారి వివరణ

క్యాన్సిల్‌హింట్ చేర్చిన తరువాత స్తంభించడం ఆగిపోయింది. లాగ్ ప్రకారం ప్రారంభం, ముగింపు రెండూ ఒకే థ్రెడ్ మీద వస్తున్నాయి, ముగింపు పిలుపు కూడా ప్రతిసారీ వస్తోంది. అందువల్ల పిన్ చేయడం లేదు. లోకల్‌డంప్స్ అమరికను మాత్రం పరీక్ష యంత్రాలన్నింటిలో ఉంచుతున్నాను.