బెండకాయలు కడిగితే మందు పోతుందా, పోదా?

గోదారమ్మాయి: మా ఇంట్లో రోజూ ఇదే గొడవండీ. ఉప్పునీళ్లలో కాసేపు నానబెట్టి కడిగేస్తే పురుగుమందంతా పోతుందని మా అత్తయ్యగారు, పోనే పోదు ఆర్గానిక్‌వే కొనాలని మా ఆయన. చిన్నపిల్లలున్న ఇల్లు, భయంగా ఉంటోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

తెనాలి రైతుబిడ్డ: పైన అంటుకున్నది కడిగితే కొంత పోద్దండి, లోపలికెళ్లింది పోదు. ఇమిడాక్లోప్రిడ్, ఎసిఫేట్ లాంటివి రసంలో కలిసి మొక్కంతా పాకే మందులు, ఎసిఫేట్ అయితే మొక్కలోనే కొంత మెథామిడోఫాస్‌గా మారుద్ది, అది ఇంకా విషం. బెండతోటలో అసలు చిక్కేంటంటే కాయ రోజు విడిచి రోజు కోయాలి, లేదంటే ముదిరి పీచు పట్టి మార్కెట్లో ఎవడూ ముట్టుకోడు. డబ్బా మీదేమో మందు కొట్టాక ఇన్ని రోజులు ఆగి కోయమని ఉంటది. ఇంతలో రసం పీల్చే తెల్లదోమ వచ్చి ఆకులు పసుపెక్కే పల్లాకు తెగులు అంటించిందా ఇక ఆ తోట లేవదు, ఆ భయంతో ఇవాళ కొట్టి ఎల్లుండి కోసేస్తారు.

సురేష్ కెమిస్ట్రీ: ఇలా భయపెట్టడం కరెక్ట్ కాదు బ్రదర్. అంతా మోతాదుని బట్టే. జంతువుల మీద ఏ హానీ కనపడని డోసు తీసుకుని, మామూలుగా అందులో నూరోవంతే మనిషికి రోజుకి సేఫ్ అని లెక్క కడతారు. 2013లో బీహార్‌లో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు పోయారే, అది మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు వంటలోనే కలిసిపోవడం, కాయలో మిగిలిన మందు కాదు. రెండూ కలిపేసి జనం కూరలు మానేస్తే అదే పెద్ద నష్టం.

తెనాలి రైతుబిడ్డ: మానమని నేనెక్కడన్నాను సురేష్ గారూ, తినండి. మీ లెక్క కూడా తప్పనట్లేదు, కానీ కాయలో ఇంతవరకు ఉండొచ్చని పరిమితి పెట్టేది డబ్బా మీద రాసినట్టే కొట్టి, రాసినన్ని రోజులు ఆగుతారనుకుని. మోనోక్రోటోఫాస్ కూరగాయల మీద వాడకూడదని 2005లోనే ఆపేశారు, ఆ తర్వాత కూడా షాపాయన చేతిలో పెడితే తెచ్చి కొట్టినోళ్లని మా వైపు చూశాను. రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపేస్తారు, విడివిడిగా పెట్టిన పరిమితి అక్కడ ఏం చెప్తుంది? పోనీ మనిషికి నూరోవంతు లెక్కుంది, తేనెటీగకేది? మొక్కంతా పాకే ఈ మందులు పుప్పొడిలోకీ తేనెలోకీ వెళ్తాయి, యూరప్‌లో 2018లో ఇమిడాక్లోప్రిడ్‌తో కలిపి ఆ కోవ మందులు మూడింటిని బయట పొలాల్లో వాడొద్దన్నది ఆ ఈగల కోసమే. మా తోటలో కొట్టినప్పుడల్లా దోమని తినే అక్షింతల పురుగులు, సాలీళ్లు చస్తాయి, దోమ మాత్రం మళ్లీ లేస్తది, మళ్లీ మందు.

సురేష్ కెమిస్ట్రీ: వెంటవెంటనే కోసే పంటల సంగతి ఒప్పుకుంటున్నా. ఈగల సంగతి కూడా. అయినా ఇంట్లో చేయగలిగింది పారే నీళ్లలో బాగా రుద్ది కడగడమే, ఉప్పు వేసినంత మాత్రాన లోపలిది రాదు.

గోదారమ్మాయి: మరి ఆర్గానిక్ కొనమంటారా?

సురేష్ కెమిస్ట్రీ: కవరు మీద పేరు చూసి కాదండీ, జైవిక్ భారత్ లాంటి ప్రభుత్వ ఆర్గానిక్ లోగో ఉందేమో చూడండి.

తెనాలి రైతుబిడ్డ: అందరూ ఆ రేటు పెట్టలేరు కదండీ. మొదట్నుంచీ దోమ వచ్చి అంటుకునే పసుపు జిగురు అట్టలు పెట్టి వేపనూనె కొడితే చాలా మందు తగ్గుద్ది, మేమూ అదే చేస్తున్నాం. కానీ మార్కెట్ యార్డులో కాయ టెస్ట్ చేసి ఆ రిపోర్టు రైతు చేతికివ్వాలి. ఎగుమతయ్యే మిర్చికి ల్యాబ్ రిపోర్టు లేందే కదలదు, మన పిల్లలు తినే బెండకాయకి మా యార్డులో ఇంతవరకు ఒక్కరు శాంపిల్ తీయగా నేను చూళ్లేదు.