గడ్డి కోసే యంత్రం, మినీ ట్రాక్టర్ నడిపేవారి చెవులకు ఏ రక్షణ కొనాలి?

మొయినాబాద్ తోట (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మొయినాబాద్ దగ్గర మాకు చిన్న మామిడి తోట ఉంది. ఇంటి ముందు మెక్సికన్ గడ్డి వేశాం. తొలకరి పడిందంటే గడ్డి ఆగదు, దసరా దాటేదాకా వారం వారం కోయాల్సిందే. తోట పని చూసే ఆయన, ఆయన తమ్ముడు కలిసి పెట్రోలు మూవర్, బ్రష్ కట్టర్, రోటావేటర్ తగిలించిన మినీ ట్రాక్టర్ నడుపుతారు. సెలవు రోజుల్లో మూవర్ నేనే తీస్తాను.

ఈమధ్య ఆయన ఫోనులో ప్రతి మాటా రెండోసారి చెప్పించుకుంటున్నారు. రాత్రి పడుకున్నాక చెవిలో కీచురాళ్ల రొదలా వినిపిస్తోందని వాళ్ల ఇంట్లోవాళ్లు చెప్పారు. ఇన్నాళ్లూ చెవిలో దూది పెట్టుకుని, పైన తువ్వాలు చుట్టుకుని పని చేస్తున్నారు. మంచి రక్షణ కొని ఇద్దామని చూస్తే డబ్బాల మీద 25, 29, 33, 37 అంటూ రకరకాల అంకెలున్నాయి. అన్నిటికన్నా పెద్ద అంకె ఉన్నది కొంటే సరిపోతుందా? మన ఎండల్లో చెవులను పైనుంచి కప్పేసే ఇయర్ మఫ్‌లు భరించగలరా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

బాలానగర్ నుంచి (కార్మిక భద్రత పనిలో ఉన్నాను)

అండీ, ముందుగా ఒక మాట. ఆ రొద, ఆ మళ్లీ అడగడం చిన్న విషయాలు కావు. ఆయనకు వినికిడి పరీక్ష చేయించండి. కొనుగోలు సంగతి దానికోసం ఆగనక్కర్లేదు, ఈ వారమే చూసుకోవచ్చు.

దూది సంగతి ఇప్పుడే తేల్చేద్దాం. దూది అడ్డుకునేది చాలా తక్కువ. పెట్టుకున్నామన్న ధైర్యంతో ఇంకాస్త ఎక్కువసేపు మోతలో ఉండటం వల్ల నష్టమే ఎక్కువ. ఈరోజే మాన్పించండి.

ఇక మోత లెక్క. నడిపేవారి చెవి దగ్గర పెట్రోలు మూవర్ సుమారు 85 నుంచి 95 డెసిబెళ్లు, క్యాబిన్ లేని ట్రాక్టర్ భారం మీద ఉన్నప్పుడు 90 నుంచి 100, బ్రష్ కట్టర్ 95 నుంచి 105 వరకు ఉంటాయి. అమెరికాలోని నియోష్ అనే పరిశోధన సంస్థ 85 డెసిబెళ్ల దగ్గర రోజుకు 8 గంటలు దాటొద్దంటుంది. ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకూ సమయం సగమవుతుంది. 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2, 94 దగ్గర ఒక్క గంట, 100 దగ్గర పావుగంట. మన ఫ్యాక్టరీ నిబంధనల్లో 8 గంటలకు 90 అని ఉంటుంది కానీ, మీరు ఇంటి మనిషి కోసం చూస్తున్నట్టు చూస్తున్నారు కాబట్టి 85నే పట్టుకోండి. బ్రష్ కట్టర్‌తో గట్టు ఒక వైపు శుభ్రం చేసేలోపే ఆ రోజుకు చెవి భరించగల మోతాదు అయిపోతుందన్నమాట. కొలిచే పరికరం లేకపోతే ఒక తేలిక పద్ధతి ఉంది. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తే అక్కడ రక్షణ కావాలి.

డబ్బా మీది అంకెలు ప్రయోగశాలలో, పద్ధతిగా అమర్చి కొలిచినవి. తోటలో అంత రాదు. అమెరికా కార్మిక భద్రత సంస్థ ఓషా వాడే ఒక లెక్క నాకు నచ్చుతుంది. డబ్బా మీద ఎన్ఆర్ఆర్ అని, అంటే మోతను ఎంత తగ్గిస్తుందో చెప్పే అమెరికా పద్ధతి అంకె ఉంటుంది. అందులోంచి 7 తీసేసి, మిగిలినదాన్ని సగం చేయండి. 25 ఉన్న మఫ్ అయితే 9 డెసిబెళ్లు, 29 ఉన్న ఫోమ్ ప్లగ్ (చెవి లోపల దోపుకునే మెత్తటి బిరడా) అయితే 11. మూవర్ మోత 92 అనుకుంటే ఆ మఫ్‌తో 83కు దిగుతుంది, అది చాలు. బ్రష్ కట్టర్ 102 అనుకుంటే ప్లగ్ ఒక్కటీ పెట్టినా 91 దగ్గరే ఉంటుంది. అందుకే బ్రష్ కట్టర్‌కు లోపల ప్లగ్, పైన మఫ్ రెండూ కావాలి. రెండు అంకెలూ కూడవు. పెద్దదానికి ఇంకో 5 కలుస్తుందంతే. అంటే 86కు వస్తుంది.

ఇంకొకటి. ఐరోపా ప్రమాణంతో తయారైనవాటి మీద ఎస్ఎన్ఆర్ అని ఉంటుంది. అదే మఫ్‌కు ఎస్ఎన్ఆర్ అంకె ఎన్ఆర్ఆర్ కన్నా పెద్దదిగా కనిపిస్తుంది. మీరు చూసిన 37 అదే అయి ఉంటుంది. ఒకదాని ఎస్ఎన్ఆర్‌ను ఇంకొకదాని ఎన్ఆర్ఆర్‌తో పోల్చి కొనకండి. ఏ అంకె, ఏ ప్రమాణం అన్నది రాయని సరుకు చవకగా దొరికినా వద్దు. మన దేశంలో చెవి రక్షణ సాధనాలకు ఐఎస్ 9167 అనే ప్రమాణం ఉంది. దుకాణంలో దాని గురించి అడగండి.

పెద్ద అంకె ఉన్నదే మేలా అంటే, కాదు. యంత్రం స్టార్ట్ చేయకముందు పెట్టుకుని, ఇంజిన్ ఆగేదాకా తీయకుండా ఉండగలిగినదే ఆయనకు మేలు. 30 డెసిబెళ్లు తగ్గించే సాధనాన్ని పని సమయంలో సగం సేపు తీసేస్తే ఆ రోజు మొత్తం మీద దక్కేది 3 డెసిబెళ్లే. ఇంత కఠినంగా చెప్పడానికి కారణం ఉంది. నేను చూసిన చాలా చోట్ల ఖరీదైన మఫ్‌లు ట్రాక్టర్ సీటు వెనక కొక్కేనికే వేలాడుతుంటాయి. బిగుతుగా ఉందనో, చెమట పడుతోందనో తీసి పక్కన పెడతారు. కొనేటప్పుడు పెట్టుకునే మనిషిని వెంట తీసుకెళ్లి, ఆయన తలకే పెట్టి చూడండి. కాసేపు అలాగే ఉంచి ఎలా ఉందో ఆయన్నే అడగండి.

శంకర్‌పల్లి రైతు

నేనూ మినీ ట్రాక్టర్ నడుపుతాను కాబట్టి ఎండ సంగతి చెప్తాను. ఏప్రిల్, మే నెలల్లో మఫ్ పెట్టుకుంటే చెవి చుట్టూ చెమట ధారగా కారుతుంది. అప్పుడు తీగతో కలిపి ఉండే రబ్బరు ప్లగ్‌లే హాయి. మెడలో వేలాడదీసుకోవచ్చు, సాయంత్రం సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టవచ్చు. చలికాలంలో మాత్రం నాకు మఫ్ ఇష్టం.

ఫోమ్ ప్లగ్‌లతో మన పనిలో ఒక చిక్కుంది. వాటిని వేళ్లతో నలిపి సన్నగా చుట్టాలి. డీజిల్, గడ్డి రసం, మట్టి అంటిన వేళ్లతో నలిపినదే చెవిలోకి పోతుంది. పొద్దున చేతులు కడుక్కుని ఒకసారి పెట్టుకుని భోజనం దాకా తీయనివారికి ఫోమ్ సరే. మాటిమాటికీ దిగి, బ్లేడుకు చుట్టుకున్న గడ్డి తీసి, మళ్లీ ఎక్కేవారికి కాడ పట్టుకుని దోపే ప్లగ్‌లు కానీ మఫ్ కానీ మంచివి.

తువ్వాలు విషయం కూడా గమనించండి. తువ్వాలు మీద మఫ్ పెడితే గుడ్డ మడత పక్కనుంచి మోత లోపలికి దూరిపోతుంది. తువ్వాలు నుదుటి మీదికి, చెవి పైదాకానే చుట్టుకోవాలి. లేదా పట్టీ తల వెనకగా వచ్చే మఫ్ తీసుకుంటే తువ్వాలూ టోపీ రెండింటికీ అడ్డు రాదు.

మొయినాబాద్ తోట

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంకో మూడు సందేహాలు. నాకు కళ్లద్దాలున్నాయి, మఫ్ పనికొస్తుందా? తమ్ముడు ఫోను ఇయర్‌ఫోన్లలో పాటలు పెట్టుకుని ట్రాక్టర్ నడుపుతాడు, చుట్టూ శబ్దాన్ని అణిచే రకం కొనిస్తే సరిపోతుందా? చెవులు మూసేసుకుంటే వెనక నుంచి ఎవరైనా పిలిచినా వినపడదేమోనని భయం.

బాలానగర్ నుంచి

కళ్లద్దాల కాడలు లావుగా ఉంటే మెత్త కింద సందు ఏర్పడి రక్షణ కొంత పోతుంది. సన్నని కాడలున్న అద్దాలైతే మెత్తటి, వెడల్పాటి కుషన్ ఉన్న మఫ్ ఫర్వాలేదు. లేదంటే మీరు ప్లగ్‌లే వాడండి. పెట్టుకున్నాక యంత్రం మోతలో రెండు అరచేతులతో చెవులను గట్టిగా మూసి చూడండి. మోత స్పష్టంగా ఇంకా తగ్గిందంటే ప్లగ్ సరిగా కూర్చోలేదని అర్థం.

ఫోమ్ ప్లగ్ పెట్టడం చాలామందికి ఎవరూ నేర్పరు, అందుకే విడమరిచి చెప్తున్నాను. ముడతలు లేకుండా వీలైనంత సన్నగా చుట్టాలి. కుడి చెవికైతే ఎడమ చేతిని తల వెనక నుంచి తెచ్చి, చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగాలి. అప్పుడు లోపలి దారి తిన్నగా అవుతుంది. వెంటనే దోపి, వేలితో అర నిమిషం ఆపి ఉంచాలి. అద్దంలో ఎదురుగా చూసుకుంటే ప్లగ్ చివర బయటికి పొడుచుకుని కనిపించకూడదు. ఇద్దరికీ మీరే దగ్గరుండి నేర్పండి.

తమ్ముడికి పాటల ఇయర్‌ఫోన్లు మాన్పించాలి, ఇందులో మొహమాటం వద్దు. ట్రాక్టర్ మోత మీద పాట వినపడాలంటే ధ్వని ఇంకా పెంచాలి. అంటే రెండు మోతలూ చెవికే. శబ్దాన్ని అణిచే రకాలు ఇంజిన్ మంద్రపు గురగురను తగ్గిస్తాయి కానీ పదునైన మోతను అంతగా ఆపవు, రక్షణ అంకె లేనివాటిని నమ్మలేం. పాట లేకుండా ఉండలేనంటే రక్షణ అంకె రాసి, లోపలి ధ్వనికి హద్దు పెట్టిన బ్లూటూత్ మఫ్‌లు విడిగా దొరుకుతాయి. ఖరీదు ఎక్కువే, అయినా ఆ కుర్రాడు తీయకుండా పెట్టుకుంటాడంటే కొనండి.

పిలుపు వినపడదేమోనన్న భయం న్యాయమైనదే. అందుకే మూవర్‌కు అతి బలమైన మఫ్ అక్కర్లేదన్నాను. చెవి దగ్గర 70 కన్నా కిందికి దించేస్తే మనిషి చుట్టుపక్కల నుంచి తెగిపోయినట్టవుతుంది. చేతి సైగలు ముందే మాట్లాడుకోండి. బ్రష్ కట్టర్ తిరుగుతున్నప్పుడు ఎవరూ 15 మీటర్ల లోపలికి రాకూడదు. రావాలంటే ఎదురుగా వచ్చి చేయెత్తాలి. పిల్లలను ఆ వైపే రానివ్వకండి. బ్రష్ కట్టర్‌కు జాలీ ముసుగు, మఫ్ కలిసి ఉన్న హెల్మెట్ తీసుకుంటే కళ్లకూ రక్షణ ఉంటుంది. దాని కింద ప్లగ్ పెట్టించండి.

మోత పుట్టే చోటు కూడా చూడండి. తుప్పు పట్టి చిల్లుపడిన సైలెన్సర్, వదులైన బోల్టులు, సమతూకం తప్పిన బ్లేడు మోతను పెంచుతాయి. ఇంటి ముందు పచ్చిక చిన్నదే కాబట్టి ఈసారి మూవర్ మార్చాల్సి వస్తే బ్యాటరీది తీసుకోండి, మోత బాగా తక్కువ.

సరుకు కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లండి. యంత్రాలు, భద్రత సామగ్రి అమ్మే దుకాణాలు అక్కడ వరసగా ఉంటాయి, చేతికి తీసుకుని చూడవచ్చు. ఒక్కొక్కరికి ఒకటి విడిగా కొనండి, ఒకరి ప్లగ్ ఇంకొకరు వాడకూడదు. మఫ్ మెత్తలు మన చెమటకు త్వరగా గట్టిపడి పగులుతాయి. విడి మెత్తలు దొరికే మోడలే ఎంచుకోండి.

వినికిడి పరీక్షల వృత్తిలో ఉన్నాను

పరీక్ష గురించి నేను చెప్తాను. మోత వల్ల కలిగే నష్టం ఎక్కువగా 4,000 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. అందుకే మాట వినిపిస్తుంది కానీ స, త, ష లాంటి హల్లులు తేలిపోతాయి. ఆయన ఫోనులో మళ్లీ అడగడం దీనికి సరిపోతోంది. చెవి లోపలి సూక్ష్మ కణాలు ఒకసారి చస్తే మళ్లీ మొలవవు. మిగిలినవాటిని కాపాడుకోవడానికే ఈ ప్రయత్నమంతా. గుమిలి వల్ల కూడా వినికిడి తగ్గుతుంది కాబట్టి మీరే ఒక నిర్ణయానికి రావద్దు, డాక్టరు చూడాలి. అప్పటిదాకా చెవిలో నూనె పోయనివ్వకండి.

కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికి తీసుకెళ్లవచ్చు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట సమస్యలు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. ఒక చెవికే ఎక్కువ ఇబ్బంది ఉందేమో ఆయన్ని అడిగి, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. బ్రష్ కట్టర్ ఇంజిన్ ఎటు వైపు ఉంటుందో కూడా చెప్పండి. పరీక్షకు ముందు కనీసం 14 గంటలు ఏ యంత్రం దగ్గరికీ వెళ్లనివ్వకండి, లేకపోతే తాత్కాలిక మందగింపు కలిసిపోయి ఫలితం తప్పుగా వస్తుంది. తమ్ముడినీ అదే రోజు వెంట పంపండి. అతని ఇప్పటి వినికిడి కాగితం మీద ఉంటే, వచ్చే ఏడాది పరీక్షతో పోల్చుకోవడానికి పనికొస్తుంది.