గూడు విడిచిన చిలుక పిల్లల జాడ తీయడం ఎలా?

ప్రశ్న (అంబాజీపేట నుంచి)
మా కొబ్బరితోటలో తుపానుకు తల విరిగిపోయిన మోడు ఒకటి ఉంది. దాని తొర్రలో ఏటా రామచిలుకలు పిల్లలను పెంచుతున్నాయి, కానీ ఆ పిల్లలు ఎగిరిపోయాక ఎటు వెళ్తున్నాయో, ఎన్ని బతుకుతున్నాయో మాకు తెలియడం లేదు. రామచిలుకకు అంతరించే ముప్పు లేకపోయినా, ఆస్ట్రేలియాలోని నారింజ పొట్ట చిలుక వంటి అరుదైన జాతుల పిల్లలకు ట్రాన్స్‌మీటర్లు (రేడియో సంకేతాలు పంపే చిన్న పరికరాలు) కట్టి జాడ తీస్తారని చదివాను. అంత చిన్న పక్షి ఆ బరువు ఎలా మోస్తుంది? మన దగ్గర అలా చేయవచ్చా?

సమాధానం (కాకినాడ నుంచి)
అసలు చిక్కంతా బరువుతోనే అండీ. నారింజ పొట్ట చిలుక సుమారు 45 గ్రాములు తూగుతుంది. పరికరం బరువు పక్షి బరువులో 3 శాతం దాటకూడదని సాధారణంగా పాటిస్తారు కనుక, బ్యాటరీ, పట్టీ అన్నీ కలిపి 1.3 గ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉండాలి. అంత చిన్న బ్యాటరీ ఎక్కువ కాలం పనిచేయదు. అయినా ఆ శ్రమ పడడానికి కారణం ఉంది. 2016 చివర్లో, ఈ చిలుకలు పిల్లలను పెంచే టాస్మేనియా దీవిలోని మెలలూకాకు తిరిగివచ్చిన అడవి పక్షులు ఇరవై లోపే. అక్కడ పెద్దవి ముందుగా వలస వెళ్లిపోతాయి, పిల్లలు కొన్ని వారాల తరువాత తమంతట తామే సముద్రం దాటి ఆస్ట్రేలియా ప్రధాన భూభాగానికి చేరుకోవాలి. వాటిలో చాలా భాగం మరుసటి ఏడాది తిరిగిరావు. అవి ఎక్కడ రాలిపోతున్నాయో తెలియకుండా ఏ చోటును కాపాడాలి?

న్యూజిలాండ్‌లోని కాకపో అనే చిలుక సంగతి వేరు. అది ఎగరలేదు, కిలోల బరువుంటుంది, కనుక వీపుకు ట్రాన్స్‌మీటర్ కట్టడం తేలిక. అయితే ఎదిగే పిల్లకు పట్టీ బిగుసుకుపోకుండా మళ్లీ మళ్లీ పట్టుకొని సరిచేయాలి.

సమాధానం (రాజోలు నుంచి)
మీ తోటలో మాత్రం దయచేసి ఏమీ కట్టకండి. అనుమతి లేకుండా చిలుకలను పట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పైగా చిలుక ముక్కుకు అందిన పట్టీ నిలవడం కష్టం. మన సమతల నేలలో, దట్టమైన తోటల నడుమ రేడియో సంకేతం కూడా దూరం వినిపించదు. పిల్లలు గూడు వదిలిన తేదీ రాసుకొని, సాయంత్రం చిలుకలు గుంపుగా వాలే చెట్టు దగ్గర పొట్టి తోక పక్షులను, అంటే పిల్లలను, లెక్కపెట్టండి. మెడలో గుండ్రని చార లేకపోవడాన్ని మాత్రమే పిల్ల అనడానికి గుర్తుగా తీసుకోకండి, ఆడ చిలుకకూ అది ఉండదు.

ప్రశ్న అడిగినవారు
ఆ మోడును కొట్టించేద్దామని మా అన్నయ్య అంటున్నారు. పిల్లలు ఎగిరే దాకానైనా ఆగమని ఈ రాత్రే చెబుతాను.